మూడుసార్లు కొరకాల్సిన రాయి

మంగళవారం మావాళ్లు కత్తి పట్టరు. కొత్తగూడెంలో మంగలి షాపులన్నీ ఆ రోజు బందు. లోకానికి ఆదివారం ఎట్లాగో మాకు మంగళవారం అట్లాగ. వారమంతా నిలబడి వాచిన కాళ్లను ఆ ఒక్కరోజే చాపుకోవాలి. అటువంటిది ఆ ఎండాకాలం, వరసగా మూడు మంగళవారాలు, మా నాయన నన్ను అడవిలోకి రాళ్లు కొరకడానికి తీసుకుపోయాడు. కొరకడమన్నది మాటవరసకు అన్నది కాదు. పళ్లతో కొరకడమే.

రెండువేల సంవత్సరం దాటిన మూడు నాలుగేళ్ల నాటి సంగతి ఇది. నాకప్పుడు ముప్పై నాలుగు. బస్టాండు వెనక సందులో నాకొక షాపు ఉంది. రెండు కుర్చీలు, పెద్ద అద్దాలు, గోడమీద సినిమా హీరోల బొమ్మలు, వాటి పక్కన ప్రతి ఒక్కరికీ కొత్త బ్లేడు వాడతామని నేనే రాయించిన బోర్డు. ఎయిడ్స్ భయం వచ్చాక బ్లేడు కాగితం విప్పడం కళ్లారా చూస్తేగాని ఎవరూ మెడ వెనక్కి వాల్చేవాళ్లు కాదు. నాకూ అదే హాయిగా ఉండేది. సగం బ్లేడు విరిచి పెట్టడం, గీయడం, పారేయడం. నూరే బాధ లేదు. నాయన మాత్రం దాన్ని పని అనేవాడు కాదు. అది గీకుడే గాని గడ్డం చేసుడు కాదని నా గిరాకీల ముందే అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఆయన పొదిలో, అంటే మా పనిముట్లు పెట్టుకునే తోలుసంచిలో, ఇంకా పాత మడత కత్తి ఉండేది. ఆ కత్తికి పదును పెట్టడానికి రెండు రాళ్లు కావాలి. మొదటిది గరుకురాయి. మొద్దుబారిన అంచును అది దారికి తెస్తుంది. అది ఎక్కడైనా దొరుకుతుంది. రెండోది మెత్తరాయి. గరుకురాయి అంచుమీద మిగిల్చిన గీతలన్నిటినీ అది నున్నగా చేస్తుంది. కత్తి నడుస్తున్నట్టు చర్మానికి తెలియకూడదంటే మెత్తరాయి మంచిదై ఉండాలి. అంగట్లో అమ్మే రాళ్లు నాయనకు ఆనేవి కావు. మెత్తరాయి వాగులో దొరకాలి, అదీ వెతికితేనే.

నీలం తిరిగిన నలుపు ఉండాలి. గోటితో కొడితే ఖణేల్మనాలి. బొదబొదమంటే లోపల పగులు ఉన్నట్టు. తడిపి నీడలో పెడితే అంతా ఒకేతీరుగా ఆరాలి. వేరే రాతి చార ఏదైనా లోపల ఉంటే అక్కడ తడి వేరుగా కనిపిస్తుంది. ఇవన్నీ దాటిన రాయిని కత్తి వెన్నుతో గీరి, ఆ ముద్దను ముందరి పళ్ల మధ్య పెట్టుకొని మెల్లగా కొరకాలి. వెన్నలాగా జారిపోతే అది మెత్తరాయి. ఇసుక తగిలినట్టు కిసుక్కుమంటే లోపల గర ఉన్నట్టే, పారేయాలి. వేలు మోసపోతుంది, కన్ను మోసపోతుంది, పన్ను మోసపోదని మా తాత అనేవాడట. ఒకచోట కొరికితే చాలదు. మూడుచోట్ల గీరి, ప్రతిసారీ నోరు పుక్కిలించి, మూడుసార్లు కొరకాలి. పుక్కిలించకపోతే కిసుక్కుమన్నది రాయో, వాగు ఇసుకో తెలియదు.

అప్పటికి నాయన చేతిలో మిగిలింది ఒకే ఒక్క గడ్డం. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకాయన ఉండేవాడు. చర్చిలో సంఘపెద్ద. షుగరు వ్యాధి వల్ల పాదాలు పాడై గేటు దాటి నడవలేకపోయేవాడు. చర్చికి ఆటోలో తీసుకుపోయేవాళ్లు. ఆదివారం ఆరాధనకు నున్నటి గదవతో పోవాలని శనివారం సాయంత్రం ఇంటి ముందు కుర్చీ వేయించుకొని నాయన కోసం ఎదురుచూసేవాడు. కత్తి ఆయన ఒక్కడికే వాడేది కాబట్టి రోగం భయమూ లేదు. ఇద్దరూ ఒకరినొకరు వెక్కిరించుకుంటూ పావుగంట పనిని గంట చేసేవాళ్లు. ఒక్క గడ్డానికి ఇంత సంబరమేందని నేను ఇంట్లో విసుక్కునేవాణ్ని.

సంబరం కాదది. నాకు తర్వాత అర్థమైంది. మా తాతకు ముసలితనంలో చేతులు వణికి, చివరికి అన్నం కూడా ఎవరో ఒకరు తినిపించాల్సి వచ్చింది. ఆ వణుకు తనకూ వస్తుందని నాయన భయం. అరవై ఆరేళ్లు వచ్చాయి, కళ్లకు శుక్లాలు వచ్చాయి, వాటిని ఆయన పట్టించుకోలేదు. చెయ్యి వణికిననాడే పొది కట్టేస్తానని అనేవాడు. శనివారం ఆ గడ్డం గాటు పడకుండా పూర్తయితే ఇంకో వారం తన చెయ్యి తనదేనని ఆయనకు ధైర్యం. ఆ ధైర్యం మీదే మనిషి నడుస్తున్నాడు.

ఆ ఏడు వేసవికి ముందు మా తాతనాటి మెత్తరాయి అరిగి అరిగి బిస్కెట్టు మందానికి వచ్చి, నాయన చేతిలోనే రెండు ముక్కలైంది. కొత్తది వెతకాలి. చిక్కేమిటంటే, అంతకు ముందు చలికాలంలోనే దవాఖానాలో నాయన పళ్లన్నీ పీకేశారు. నలభై ఏళ్లు నమిలిన పొగాకు చిగుళ్లను తినేసింది. రాయిని ఏరగలడు గాని కొరకలేడు. నీ పళ్లు నాకు అప్పు ఇవ్వాలని నవ్వుతూ అడిగాడు. నేను నవ్వలేదు.

పాల్వంచ దాటాక భద్రాచలం రోడ్డుమీద బస్సు దిగి, కాలిబాటన గంటసేపు నడిస్తే అడవిలో ఒక చిన్న ఊరు, దాని వెనక వాగు. ఆ ఊరి ముసలాయన ఒకడు కుంకుడుకాయలు, ఇప్పపువ్వు అమ్మడానికి సంతకు వచ్చినప్పుడల్లా నాయనను కలిసేవాడు. వయసులో ఉన్నప్పటి స్నేహం వాళ్లది. ఆయన భార్యతో తమ భాషలో ఏదో చెప్పి, మాకు సొరకాయ బుర్రలో నీళ్లు నింపి ఇప్పించి, తనూ మా వెంట వచ్చాడు. నిరుటి వరదకు వాగు పాయ మారిందని, మా తాత రాయి ఏరిన గుండం ఇసుకతో పూడిపోయిందని చెప్పాడు. నాయన ఆ పూడిన చోటును చూస్తూ కాసేపు నిలబడ్డాడు. తర్వాత పంచె ఎగ్గట్టి కొత్త పాయలో దిగాడు.

మొదటి మంగళవారం ఒక్క రాయీ దొరకలేదు. రెండోవారం రెండు రాళ్లు దొరికాయిగాని ఆరబెడితే పగుళ్లు బయటపడ్డాయి. మూడోవారానికి నాకు ఓపిక పోయింది. మే నెల ఎండ, కాళ్ల కింద రాళ్లు పెనంలాగా కాలుతున్నాయి. పొద్దుటి నుంచి కొరికీ కొరికీ పళ్లు పులిసిపోయాయి, చిగుళ్లనుంచి రక్తం వస్తోంది. నోరంతా మన్ను. నాలుగు గంటల బస్సు పోతే మళ్లీ చీకటి పడ్డాకే బస్సు. ఇంటిదగ్గర నా భార్య వాళ్ల అన్న అశ్వారావుపేట నుంచి వచ్చి ఉన్నాడు. ఒక్క మనిషి ఒక్క గడ్డం కోసం ఇంత నరకమా అని లోపల్లోపల పళ్లు నూరుకుంటున్నాను. నూరుకోవడానికి కూడా నొప్పే.

అప్పుడు నాయన మోకాలిలోతు నీళ్లలో వంగి ఒక రాయి తీశాడు. అరచెయ్యంత ఉంది, అచ్చం నీలినలుపు. గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. బుగ్గకు ఆనించుకున్నాడు. ఆ మనిషి మొహంలో అంత వెలుగు నేను నా పెళ్లిలో కూడా చూడలేదు. తడిపి నీడలో పెట్టి ఆరేదాకా చూడాలి, టైం లేదు. కొరకమని నాకిచ్చాడు.

ఒక చివర గీరి పళ్ల మధ్య పెట్టుకున్నాను. వెన్నలాగా జారింది. జారీ జారీ చివర్లో ఒక్కసారి, చాలా చిన్నగా, కిసుక్కుమంది. నేను నోరు పుక్కిలించలేదు కదా, అంతకు ముందు రాయి తాలూకు ఇసుకై ఉంటుందిలే అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. పుక్కిలించి, మళ్లీ గీరి, ఇంకో రెండుసార్లు కొరకాలి. ఐదు నిమిషాల పని. నేను ఉమ్మేసి మూతి తుడుచుకున్నాను.

"గర ఉన్నదా?" అన్నాడు నాయన.

"లేదు."

"మూడు దిక్కుల చూసినవా?"

"చూసిన నాయినా. వెన్న లెక్క ఉన్నది."

మా వెంట వచ్చిన ముసలాయన నావైపు చూశాడు. నాయన తువ్వాలలో రాయిని చుట్టి, బస్సులో కొత్తగూడెం దాకా చంటిపిల్లను పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకు కూర్చున్నాడు.

నాలుగు రోజులు ఇంటి వెనక బండమీద ఇసుక, నీళ్లు పోసి ఆ రాయి మొహాన్ని చదును చేశాడు. నా భార్యను పిలిచి పిలిచి చూపించాడు. నీళ్ల చుక్కలు వేసి కత్తిని నాలుగుసార్లు నడిపిస్తే రాయి మీద తెల్లటి ముద్ద తేలింది. దాన్ని ఆయన పాలు అనేవాడు. ఈ రాయి పాలు బాగా ఇస్తోందని మురిసిపోయాడు. మొదటి రెండు శనివారాలూ పెద్దాయన గడ్డం జరుగుతుండగానే కునుకు తీశాడట. మూడో శనివారం గాటు పడింది.

నేనక్కడ లేను. పెద్దాయన కూతురు చెప్పగా విన్నాను. మొదలుపెట్టే ముందు నాయన అలవాటు ప్రకారం ఆయన ఎదుటనే మెత్తరాయి మీద కత్తిని పదిసార్లు నడిపి, అరచేతికి తోమి, ఎడమచేత్తో గదవ పట్టుకొని కత్తి పెట్టాడు. దవడ కింద కత్తి చటుక్కున పట్టేసింది. గాటు బొటనవేలి గోరంత. అంత చిన్నదానికి ఇంకొకరైతే పటిక రుద్దుకొని మరిచిపోయేవాళ్లు. ఆయనది షుగరు ఒళ్లు. ఆదివారానికి ఇస్త్రీ చేసి తొడుక్కున్న తెల్లచొక్కా కాలరు ఎర్రబడింది. ఆ పుండు మానడానికి నెలన్నర పట్టింది.

నాయన ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండానే గడపలో కూర్చున్నాడు. ఏమైందని అడిగితే ఒకే మాట అన్నాడు.

"వణికింది."

మర్నాడు ఆయన పొద్దున్నే ఎటో పోయినప్పుడు నేను పొది విప్పాను. కత్తిని వెలుతురులో పెట్టి చూస్తే అంచుమీద కంటికి ఆనీ ఆనని పంటిలాంటి చిన్న నొక్కు. రాయిని తడిపి కిటికీలో పెట్టి, ఆరేదాకా అక్కడే కూర్చున్నాను. అంతా ఆరింది. ఒక చివర మాత్రం వెంట్రుక మందాన తెల్లటి చార ఒకటి తేలింది. గోటితో గీస్తే గోరు పట్టింది. పైన ఉన్న మెత్తదనం రెండువారాల నూరుడుకు అరిగి ఆ గట్టి చార బయటికి వచ్చింది. నేను కొరికిన చివరే అది. చెయ్యి వణకలేదు. కత్తి అంచు పోయింది, దాన్ని పోగొట్టింది రాయి, ఆ రాయిని ఇంటికి తెచ్చింది నా అబద్ధం.

ఆ పూటే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. సిగ్గు ఒకటి. సిగ్గు కంటే నీచమైనది ఇంకొకటి కూడా ఉంది, దాచను. నాయన ఇక కత్తి ముట్టడు, శనివారాల గోల వదిలింది అన్న నిమ్మళం. ఎన్నేళ్లుగానో నేను కోరుకున్నది అదే. రాయిని పాతగుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాను.

పుండు మానుతుండగా పెద్దాయన కూతురు నా షాపుకు వచ్చింది. మీ నాయన మీద కోపమేమీ లేదు, పెద్దవాడైపోయాడు, ఇక నుంచి శనివారం నువ్వే వచ్చి బ్లేడుతో చెయ్యి తమ్ముడూ అంది. నేను సరేనన్నాను. అట్లా మా నాయన చివరి గడ్డం నాకు వచ్చింది. నేను దాన్ని పది నిమిషాల్లో పూర్తిచేసేవాణ్ని. లేచేటప్పుడు పెద్దాయన ప్రతిసారీ మీ నాయనను ఒకసారి రమ్మను అనేవాడు. నేను కొన్ని వారాలు చెప్పాను, కొన్ని వారాలు చెప్పలేదు. చెప్పినప్పుడు నాయన ఏ మొకం పెట్టుకొని పోవాలె అనేవాడు. అటువైపు దారే మానుకున్నాడు.

ఇంట్లో ఆయనకు కొత్త పని పుట్టింది. గ్లాసు నిండా నీళ్లు పోసి, అరచేతిమీద నిలబెట్టుకొని, నీళ్లు కదులుతున్నాయేమో చూడమని నా భార్యను పిలిచేవాడు. లేదు మామా అని ఆమె అంటే నమ్మేవాడు కాదు. నువ్వు సరిగ్గా చూస్తలేవని మళ్లీ పెట్టేవాడు. ఎంతసేపని నిలబెడతారు, చివరికి ఎవరి చెయ్యైనా కదులుతుంది. కదిలిన క్షణాన, చూసినవా అని ఆమె మొహంలోకి చూసేవాడు. వెతుకుతూ పోతే వణుకు ఎవరి చేతిలోనైనా దొరుకుతుంది. తన గడ్డం తను చేసుకోవడం మానేశాడు. తెల్లగా బారెడు పెరిగింది. గుండీలు పెట్టుకోవడానికి కూడా భయపడుతున్నాడని గమనించిన రోజున నాకిక ఇంటికి పోబుద్ధి కాలేదు.

వానాకాలం సగంలో ఒకరోజు ఆయన్ను షాపుకు తీసుకొచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టాను. వాన పడుతోంది, గిరాకీ లేదు. అటక మీది రాయిని ముందే తెచ్చి పెట్టుకున్నాను. గడ్డానికి సబ్బు రాసి, ఆయన చేతిలో ఆ రాయి పెట్టాను.

"నాయినా, ఆ రోజు నీ చెయ్యి వణకలే. గీ రాయిల చార ఉన్నది. వాగు కాడ నేను ఒక్కసారే కొరికిన. కిసుక్కుమన్నది. బస్సు పోతదని లేదని చెప్పిన."

ఆయన రాయిని తిప్పి తిప్పి చూశాడు. శుక్లాల కంటికి వెంట్రుకంత చార ఏం కనిపిస్తుంది? వేలుతో రాశాడు. యాభై ఏళ్లు కత్తులు నూరిన వేళ్లు కాయలు కాసి ఉన్నాయి. అలవాటుగా నోటిదాకా తీసుకుపోయి, పళ్లు లేవని గుర్తొచ్చి ఆగాడు. నేను అక్కడే గీరి, కొరికి, వినమని ఆయన చెవి దగ్గర నోరు పెట్టాను. బయట వాన చప్పుడు. ఆయన నవ్వాడు.

"నా కండ్లకు కనపడది, పండ్లు లేవు. నువ్వు లేదంటే లేదు, ఉన్నదంటే ఉన్నది" అన్నాడు. "నా పానం నిమ్మలం చేద్దామని తప్పు నీ నెత్తిన ఏసుకుంటున్నవు. గట్ల చెయ్యకు బిడ్డా. ఏం చెప్పినా, రాయి కాడ అబద్ధం చెప్పేటోనివి గాదు నువ్వు."

నా పిల్లల మీద ఒట్టు పెట్టబోయాను. నా చెయ్యి పట్టుకొని ఆపాడు. అంత మాట అనొద్దని, గడ్డం కానియ్యమని అన్నాడు. ఆ వేళ్లు నా మణికట్టు మీద ఎంత గట్టిగా, ఎంత నిలకడగా ఉన్నాయో నాకు తెలుసు. దాన్ని ఆయనకు ఎట్లా చూపించాలో తెలియలేదు. తర్వాత మా వీధిలో నలుగురికీ చెప్పుకున్నాడట, నా కొడుకు కోపగొండి గాని మనసు వెన్న, నా కోసం రాయిమీద నింద వేశాడని. వాళ్లు నన్ను మెచ్చుకుంటుంటే తల వంచుకొని పోయేవాణ్ని. దాన్ని కూడా వినయమే అనుకున్నారు.

దసరా వెళ్లేసరికి అన్నం తినిపించమని అడగడం మొదలుపెట్టాడు. చెయ్యి పనిచేయక కాదు, పనిచేయదని నమ్మకం కుదిరినందుకు. నా భార్య ముద్దలు కలిపి పెడుతుంటే మా తాతలాగా నోరు తెరిచి కూర్చునేవాడు. చలికాలంలో జ్వరం వచ్చి ఊపిరితిత్తులకు తిరిగింది. దవాఖానాలో పదిరోజులున్నాడు. చనిపోయేటప్పుడు చేతులు రెండూ దుప్పటి కింద పెట్టుకొని ఉన్నాడు.

దినాలు అయ్యాక వచ్చిన శనివారం నేను పెద్దాయన ఇంటికి పోయాను. నా గుండును చూసి ఆయన నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు. నేను సబ్బు రాసి, ఎడమచేత్తో గదవ పట్టుకున్నాను. ఆయన కళ్లు మూసుకొనే మాట్లాడాడు.

"మీ నాయన చెయ్యి గూడ గిక్కడ్నే ఉండేది. ఆ రోజు గూడ గిట్లనే పట్టుకున్నడు. వణకలే బిడ్డా. బండ లెక్క ఉన్నది. కత్తే ఏడనో పట్టింది."

ఆ మాట నాయనకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్దామనే గద రమ్మను రమ్మను అన్నది. నడిచొచ్చే కాళ్లు నాకెక్కడియి, చర్చికి ఆటో ఎక్కించుడే బిడ్డకు కష్టమాయె. పోనీ నీతోని చెప్పి పంపుదామంటే, నువ్వు ఒక్కనాడన్న ఆ ముచ్చట తియ్యలే. నీకు బాధ అనుకొని ఊకున్న."

ఈ మాట ఆయన నోటినుంచి వచ్చి ఉంటే నాయన నమ్మేవాడు. గాటు పడ్డ మనిషి చెప్పిన తర్వాత నమ్మకుండా ఎట్లా ఉంటాడు? ఆరునెలల పాటు ప్రతి శనివారం ఇదే గదవను పట్టుకొని, వానల గురించి, టీవీ గురించి మాట్లాడి, పది నిమిషాల్లో బ్లేడు పారేసి పోయాను. ఆ రోజు ఏం జరిగింది పెద్దయ్యా అని ఒక్కమాట అడగలేదు. అడిగితే నా సంగతి బయటపడుతుందని.

బ్లేడు ఎత్తలేకపోయాను. గదవ వదల్లేకపోయాను. ఆయన కళ్లు తెరవలేదు, ఎంతసేపైందని అడగలేదు. ఆయన బుగ్గలమీద సబ్బు ఎండి తెల్లగా పెచ్చులు కట్టింది. లోపలినుంచి ఆయన కూతురు వచ్చి మా ఇద్దరినీ చూసి, నా చేతిలోని బ్లేడును చూసి, గాబరాగా దగ్గరికి వచ్చింది.

"ఏమైంది తమ్ముడూ, గాటు పడ్డదా?" అంది.